ఎమ్మెస్సీ కెమిస్ట్రీ తర్వాత ఫ్లోరైడ్ మీద పీహెచ్‌డీ: ప్రొఫెసర్ దాకా లెక్క ఎట్లుంటుంది?

గుత్తి కోట (ప్రశ్న)

అన్నలకు, మేడమ్‌లకు నమస్తే. ఎమ్మెస్సీ అనలిటికల్ కెమిస్ట్రీ, 68 శాతం. డిగ్రీలో 72. నెట్‌లో అసిస్టెంట్ ప్రొఫెసర్‌కి క్వాలిఫై అయింది, జేఆర్ఎఫ్ (రీసెర్చ్ ఫెలోషిప్) రాలేదు. అనంతపురంలో పీహెచ్‌డీకి ఒక గైడు దాదాపు ఒప్పుకున్నారు. టాపిక్: గుత్తి, పామిడి వైపు బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఎంతుందో కొలవడం, చెనక్కాయ పొట్టుతో కార్బన్ చేసి ఆ ఫ్లోరైడ్ తీయడం.

పీహెచ్‌డీ ఇప్పుడు తప్పనిసరి కాదంటున్నారు, నిజమేనా? అక్కడి నుంచి ప్రొఫెసర్ అయ్యేదాకా ఎన్నేళ్ళు, ఏమేమి లెక్కలోకి వస్తాయి? రెండోది, ఈ టాపిక్ మీద ఇప్పటికే వందల పేపర్లున్నాయి కదా, ఇంకా చేయడానికేమైనా మిగిలుందా? ల్యాబులో అయాన్ మీటరు (ఎలక్ట్రోడ్‌తో ఫ్లోరైడ్ కొలిచేది) ఉంది, స్పాడ్న్స్ (రంగు మార్పుతో కొలిచే పద్ధతి) కూడా చేయొచ్చు. ఏది పట్టుకోవాలి?

నల్లమల గాలి

తమ్ముడూ, ఉద్యోగం లెక్క చిన్నదే, ముందు అది తేల్చేద్దాం.

యూజీసీ 2018 రెగ్యులేషన్స్ ప్రకారం అసిస్టెంట్ ప్రొఫెసర్‌కి పీజీలో 55 శాతం, దానిమీద నెట్ గానీ సెట్ గానీ. యూనివర్సిటీల్లో పీహెచ్‌డీ కూడా తప్పనిసరి అన్నారు, దాన్ని వాయిదా వేస్తూ వచ్చి 2023 జులైలో ఎత్తేశారు. అంటే నీకు అర్హత ఈరోజే ఉంది, కాగితం మీద. అదే రెగ్యులేషన్స్‌లో యూనివర్సిటీ ఇంటర్వ్యూకి ఎవరిని పిలవాలో చెప్పే పట్టిక ఉంది, అది తీసి చూడు. డిగ్రీ 60 నుంచి 80 శాతం మధ్య ఉంటే 13 మార్కులు. పీజీ కూడా ఆ మధ్యే ఉంటే 23. నెట్‌కి 5, జేఆర్ఎఫ్‌తో వస్తే 7, సెట్‌కి 3. పీహెచ్‌డీకి 30. పేపరుకి 2 చొప్పున 10 దాకా, టీచింగ్ లేదా పోస్ట్‌డాక్‌కి ఏడాదికి 2 చొప్పున 10 దాకా. నీకిప్పుడు 41. పీహెచ్‌డీ, ఐదు పేపర్లు చేరితే 81. అవతల 81 వాళ్ళు వరసలో నిలబడుంటే 41కి పిలుపు ఎట్లొస్తుందో నువ్వే ఆలోచించుకో. తప్పనిసరి కాదు గానీ తప్పదు.

ఇంకో సంగతి. ఈ పట్టికలో ఆరో పేపరుకి మార్కు లేదు. పైగా ఈ మార్కులు పిలుపు వరకే, ఎంపిక ఇంటర్వ్యూలో జరుగుతుంది. అక్కడ అడిగేది నీ ఐదు పేపర్లలో ఉన్న అంకెల గురించే. ఇరవై పేపర్లు వేసి ఒక్క గ్రాఫు వివరించలేకపోతే కథ అంతటితో సరి.

చేరాక: మొదటి మెట్టు లెవెల్ 10, మూలవేతనం 57,700. పీహెచ్‌డీ ఉంటే 4 ఏళ్ళకి లెవెల్ 11 (లేకుంటే 6), తర్వాత 5 ఏళ్ళకి 12, ఇంకో 3 ఏళ్ళకి 13ఏ, అంటే అసోసియేట్. మరో 3 ఏళ్ళకి 14, అంటే ప్రొఫెసర్. మొత్తం 15 ఏళ్ళు, ఏ మెట్టు దగ్గరా ఫైలు ఆగకపోతే. నేరుగా నోటిఫికేషన్‌లో వెళ్ళాలంటే అసోసియేట్‌కి 8 ఏళ్ళ అనుభవం, 7 పేపర్లు, రీసెర్చ్ స్కోరు 75. ప్రొఫెసర్‌కి 10 ఏళ్ళు, 10 పేపర్లు, స్కోరు 120.

ఆ స్కోరు దగ్గరే చాలామంది దెబ్బతింటారు. సైన్సులో పేపరుకి మూలం 8, ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌ని బట్టి పెరుగుతుంది. ఇద్దరు రాస్తే చెరి 70 శాతం. ఇద్దరు దాటితే మొదటి లేదా కరెస్పాండింగ్ రచయితకి 70, మిగతావాళ్ళకి తలా 30. అంటే 8లో ఒకరికి 5.6, ఇంకొకరికి 2.4. స్నేహధర్మంగా పేర్లు ఇచ్చిపుచ్చుకునేవాళ్ళకి పదేళ్ళ తర్వాత తెలిసొచ్చే సంగతిది. నీ పని నీ పేరుతో మొదట ఉండాలని గైడుతో మొదట్లోనే మాట్లాడుకో. మొహమాటం అక్కర్లేదు.

గైడు దగ్గర అడగాల్సినవి ఇంకా ఉన్నాయి. ఒకేసారి ప్రొఫెసర్ కింద 8 మంది, అసోసియేట్ కింద 6, అసిస్టెంట్ కింద 4 మందికి మించి స్కాలర్లు ఉండకూడదు. రిటైర్మెంట్ మూడేళ్ళలోపు ఉన్నవాళ్ళు కొత్తవాళ్ళని తీసుకోకూడదు. ఇవి 2022 పీహెచ్‌డీ రెగ్యులేషన్స్‌లోవి. ‘దాదాపు ఒప్పుకున్నారు’ అన్నావు, ఖాళీ ఉందో లేదో ముందు చూడు. కోర్సువర్కు కలుపుకుని కనీసం మూడేళ్ళు, గరిష్ఠం ఆరు. థీసిస్‌కి ముందు పేపరు తప్పనిసరి అనే నిబంధన ఆ రెగ్యులేషన్స్‌లో తీసేశారు గానీ, పై పట్టిక చూశావు కదా. పత్రికల విషయంలో యూజీసీ కేర్ (మంచి పత్రికల) జాబితా 2025 ఫిబ్రవరిలో ఆపేశారు. ఇప్పుడు మంచిచెడ్డలు నువ్వే చూసుకోవాలి. వారంలో అచ్చేస్తాం, ఇంత కట్టండి అని మెయిల్ పెట్టేవాళ్ళ జోలికి పోవద్దు.

టాపిక్ గురించి, కొలతల గురించి బ్యూరెట్ మేడమ్ చెప్తే బాగుంటుంది.

బ్యూరెట్

టాపిక్ పాతదే. ఫ్లోరోసిస్ మన దేశంలో 1937లోనే అప్పటి మద్రాసు రాష్ట్రంలో, తెలుగు జిల్లాల నుంచే రికార్డయింది. ‘ఇన్ని బోర్లలో ఇంత ఉంది’ అని పట్టిక వేసి, దానిమీద రంగుల మ్యాపు పెట్టి ఊరుకుంటే కొత్తేమీ లేనట్టే. ఎందుకుంది అన్నదాంట్లో ఇంకా పని మిగిలుంది, అందులోనూ మీరు చెప్పిన చోట.

గుత్తి కొండలు గ్రానైటు, నైసు. వాటిలోని బయోటైట్, హార్న్‌బ్లెండ్, అపటైట్, ఫ్లోరైట్‌ల నుంచే ఫ్లోరైడ్ వస్తుంది. అక్కడి నుంచి తాడిపత్రి బండల గనుల వైపు పోతే సున్నపురాయి. నీళ్ళలో కాల్షియం ఎక్కువున్నచోట కాల్షియం ఫ్లోరైడ్‌గా అడుగుకు దిగిపోయి ఫ్లోరైడ్ ఒక హద్దు దాటి పెరగదు. సోడియం, బైకార్బొనేట్ ఎక్కువుండి కాల్షియం తక్కువైనచోట ఆ పట్టు ఉండదు, పెరుగుతూ పోతుంది. ఒకే తాలూకా దూరంలో ఈ రెండు రకాల రాయీ దొరకడం మీకు కలిసొచ్చే విషయం. కాబట్టి ఫ్లోరైడ్ ఒక్కటే కొలవొద్దు. కాల్షియం, మెగ్నీషియం, సోడియం, పొటాషియం, బైకార్బొనేట్, క్లోరైడ్, సల్ఫేట్, నైట్రేట్ అన్నీ కొలవండి. ధన, రుణ అయాన్ల మిల్లీ ఈక్వివలెంట్ల తేడా 5 శాతం లోపు రాకపోతే ఆ శాంపిల్ పట్టికలోకి ఎక్కించొద్దు. వైవాలో ఎక్స్‌టర్నల్ మొదట కూడి చూసేది ఇదే.

శాంపిల్ తెచ్చేటప్పుడు మోటరు వేసి పది నిమిషాలు నీళ్ళు పోనిచ్చాకే పట్టండి, లేకుంటే పైపులో రాత్రంతా నిలిచిన నీళ్ళు వస్తాయి. పాలిథీన్ సీసాలో పట్టాలి, గాజు వద్దు. ఫ్లోరైడ్ సీసాలో ఆసిడ్ పోయొద్దు. పీహెచ్, బైకార్బొనేట్ బోరు దగ్గరే చూసేయండి. దారిలో కార్బన్ డయాక్సైడ్ పోయి రెండూ మారతాయి. ఒకసారి మే నెలలో, ఒకసారి వానలయ్యాక నవంబరు, డిసెంబరులో. ఇంకోటి: పాత అనంతపురం జిల్లా 2022 ఏప్రిల్‌లో రెండైంది. స్టడీ ఏరియా జిల్లా పేరుతో కాకుండా మండలాల పేర్లతో రాసుకోండి, పాత పేపర్లతో పోల్చేటప్పుడు గందరగోళం ఉండదు.

అయాన్ మీటరు ఉందన్నారు కాబట్టి అదే పట్టుకోండి. స్పాడ్న్స్ 1.4 మి.గ్రా./లీ. దాకానే పనికొస్తుంది, మీ నీళ్ళకి ప్రతిసారీ డైల్యూట్ చేయాలి. సల్ఫేట్ 200 మి.గ్రా. ఉంటేనే 0.1 తప్పు చూపిస్తుంది. అల్యూమినియం అయితే 0.1 మి.గ్రా. చాలు, అదే తప్పుకి. ఈ అల్యూమినియం మాట గుర్తుపెట్టుకోండి.

ఎలక్ట్రోడ్ పద్ధతిలో అడుగడుగునా జాగ్రత్త ఉంది. స్టాండర్డ్‌కి సోడియం ఫ్లోరైడ్‌ని 105 డిగ్రీల దగ్గర రెండు గంటలు ఆరబెట్టి, 0.2210 గ్రా. తూచి లీటరు చేస్తే 100 మి.గ్రా./లీ. ప్లాస్టిక్ సీసాలోనే ఉంచాలి. తర్వాత టిసాబ్ (పీహెచ్, అయాన్ల బలం ఒకేలా ఉంచే ద్రావణం): 500 మి.లీ. డిస్టిల్డ్ వాటర్‌లో 57 మి.లీ. గ్లేషియల్ ఎసిటిక్ ఆసిడ్, 58 గ్రా. సోడియం క్లోరైడ్, 4 గ్రా. సీడీటీఏ. బీకరుని చన్నీళ్ళ తొట్టిలో పెట్టి 6 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్ కొద్దికొద్దిగా పోస్తూ పీహెచ్ 5.0 నుంచి 5.5 మధ్యకి తేవాలి, ఆ తర్వాత లీటరు. ఒకేసారి పోస్తే వేడెక్కుతుంది, ఆ వేడిలో చూసిన పీహెచ్ చల్లారాక ఉండదు. ఈ హద్దు ఊరికే పెట్టింది కాదు. 5 కంటే బాగా దిగితే ఫ్లోరైడ్ కొంత హైడ్రోఫ్లోరిక్ ఆసిడ్‌గా మారి ఎలక్ట్రోడ్‌కి కనబడదు. బాగా పైకి పోతే లాంథనమ్ ఫ్లోరైడ్ స్ఫటికం హైడ్రాక్సైడ్‌ని కూడా ఫ్లోరైడే అనుకుంటుంది. సీడీటీఏ పని ఇనుము, అల్యూమినియంలని పట్టుకుని ఫ్లోరైడ్‌ని విడిపించడం.

25 మి.లీ. నీళ్ళకి 25 మి.లీ. టిసాబ్, స్టాండర్డ్‌కైనా శాంపిల్‌కైనా ఇదే. స్టాండర్డ్‌లో కలిపి శాంపిల్‌లో మరిచిపోయేవాళ్ళున్నారు. స్టిర్రర్ మోటరు వేడి బీకరుకి తగలకుండా మధ్యలో థర్మోకోల్ ముక్క. స్ఫటికం కింద గాలిబుడగ ఉంటే రీడింగ్ నిలబడదు, ఎలక్ట్రోడ్ కొంచెం వాల్చి పెట్టండి. 1 మిల్లీవోల్టు తేడా అంటే 4 శాతం తప్పు. అందుకని మీటరు అటూఇటూ ఊగుతుంటే తొందరపడి రాసుకోవద్దు.

పుస్తకంలో స్లోపు (గాఢత పదింతలైతే మారే మిల్లీవోల్టులు) 59.16 అని ఉంటుంది, అది 25 డిగ్రీల దగ్గర. మే నెలలో ఏసీ లేని ల్యాబులో 40 డిగ్రీలుంటే రావాల్సింది 62. ఎలక్ట్రోడ్ చెడిందని భయపడొద్దు. కానీ పొద్దున 30లో స్టాండర్డ్స్ చూసి మధ్యాహ్నం 40లో శాంపిల్స్ పెడితే మాత్రం ఆరోజు పనంతా వృథా.

తుంగభద్ర కాలువ

మేడమ్ అల్యూమినియం గుర్తుపెట్టుకోమన్నది దేనికో నేను చెప్తా. ఈ అడ్సార్బెంట్ (ఫ్లోరైడ్‌ని పట్టుకునే పొడి) పేపర్లలో సగం మోసం అక్కడే. కావాలని చేసిన మోసం కాదులే, తెలియక.

చెనక్కాయ పొట్టుని కాల్చి కార్బన్ చేస్తే రంగులు పడతాయి, ఫ్లోరైడ్ పెద్దగా పడదు. చిన్న అయాన్, చుట్టూ నీటిని గట్టిగా కప్పుకుని ఉంటుంది, ఉత్త కార్బన్‌కి అతుక్కోదు. అందుకని అందరూ కార్బన్ మీద అల్యూమినియమో జిర్కోనియమో లాంథనమో ఎక్కిస్తారు. అల్యూమినియం చవక. కానీ సరిగ్గా కడగకపోతే, లేదా పీహెచ్ 4 దగ్గర ప్రయోగం చేస్తే, ఆ అల్యూమినియం నీళ్ళలోకి జారి ఫ్లోరైడ్‌ని పట్టుకుని నీళ్ళలోనే కూర్చుంటుంది. స్పాడ్న్స్‌తో చూస్తే ఫ్లోరైడ్ తగ్గినట్టుంటుంది. 95 శాతం తీసేశామని రాసేస్తారు. తీసింది లేదు, దాచింది.

పట్టుకునే దారి తేలిక. వడకట్టిన నీళ్ళలో 1 మి.గ్రా./లీ. చొప్పున ఫ్లోరైడ్ కొత్తగా కలిపి మళ్ళీ కొలువు. కలిపింది 90 నుంచి 110 శాతం మధ్య తిరిగి కనబడాలి. 60 కనబడిందంటే లోపల ఏదో మింగుతోంది. టిసాబ్ కలిపిన బీకరుని రాత్రంతా ఉంచి పొద్దున మళ్ళీ చూడు, ఫ్లోరైడ్ పెరిగితే ఇంక అనుమానమే లేదు. వడకట్టిన నీళ్ళలో అల్యూమినియం కూడా కొలవాలి. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500లో దానికి 0.03 మి.గ్రా./లీ., వేరే నీళ్ళు లేనిచోట 0.2 దాకా. ఫ్లోరైడ్‌కి అదే ప్రమాణం 1.0, లేనిచోట 1.5. ఫ్లోరైడ్ తీసి అల్యూమినియం తాపించే మందు ఎవరికి కావాలి?

కార్బన్‌ని ఫాస్ఫారిక్ ఆసిడ్‌తో యాక్టివేట్ చేస్తే ఇంకో చిక్కు: మిగిలిన ఫాస్ఫేట్ కారుతూ స్పాడ్న్స్‌ని చెడగొడుతుంది. కడిగిన నీళ్ళలో ఫాస్ఫేట్ పరీక్ష సున్నా వచ్చేదాకా కడగాలి. కడిగిన నీళ్ళ పీహెచ్ 7 అయితే చాలదు.

రెండో తప్పు డిస్టిల్డ్ వాటర్‌లో సోడియం ఫ్లోరైడ్ కలిపి పనంతా దాంతోనే ముగించడం. అందులో 50 మి.లీ.లో 0.1 గ్రా. వేసి 10 నుంచి 1.5కి దింపితే గ్రాముకి 4.25 మి.గ్రా. పట్టినట్టు. బాగానే ఉంది. అదే పొడిని పీహెచ్ 8, బైకార్బొనేట్ 400 ఉన్న బోరు నీళ్ళలో వెయ్యి, గ్రాముకి 1 కూడా రాకపోవచ్చు. పీహెచ్ పెరిగేకొద్దీ ఉపరితలం మీద ధనావేశం పోతుంది, పైగా బైకార్బొనేట్ పోటీకి వస్తుంది. యాక్టివేటెడ్ అల్యూమినాకే పీహెచ్ 5, 6 మధ్య ఉంటేనే సుఖం.

కాబట్టి సినాప్సిస్ (పరిశోధన ప్రణాళిక)లోనే రాసుకో: మొదటి ఏడాది చివరికల్లా అసలు బోరు నీళ్ళలో పరీక్ష. ఇంటి లెక్క ఒకటి వేసి చూపించు. రోజుకి తాగడానికి, వంటకి 20 లీటర్లు, 3 నుంచి 1.5కి దింపాలంటే 30 మి.గ్రా. ఫ్లోరైడ్ తీయాలి. గ్రాముకి 1 మి.గ్రా. పట్టే పొడైతే రోజుకి 30 గ్రా., నెలకి 900 గ్రా. అది మళ్ళీ వాడుకునేట్టు చేయగలవా, ఎన్నిసార్లు, వాడేసింది ఎక్కడ పారబోయాలి? నీ థీసిస్‌కి బరువు ఈ లెక్కతోనే వస్తుంది.

ఇంకోటి, పొడి పట్టే వేగం లెక్కల్లో ‘సూడో సెకండ్ ఆర్డర్‌కి ఆర్ స్క్వేర్ 0.999 వచ్చింది, కాబట్టి కెమిసార్ప్షన్ (రసాయన బంధంతో పట్టడం)’ అనే వాక్యం దయచేసి రాయొద్దు. ఎడమ అక్షంలో కాలాన్ని (పట్టినదానితో భాగించి), అడ్డ అక్షంలోనూ కాలాన్నే పెట్టి గీస్తే ఏదైనా గీతే అవుతుంది.

గుత్తి కోట

శానా థాంక్స్ అన్నా, మేడమ్. గైడుకి ఖాళీ ఉంది, కనుక్కున్నా. ఈరోజు ల్యాబులో స్టాండర్డ్స్ పెట్టి చూస్తే, 26 డిగ్రీల దగ్గర: 10 మి.గ్రా.కి 41 మిల్లీవోల్టులు, 1కి 99, 0.5కి 108. 1 నుంచి 10కి 58 బాగానే ఉంది. 0.5 దగ్గరే తేడా కొడుతోంది. డిస్టిల్డ్ వాటర్‌లో ఫ్లోరైడ్ ఉందేమో అనుకుంటున్నా.

బ్యూరెట్

నీళ్ళ తప్పు కాదు. లెక్క చూడండి. స్లోపు 58 అయితే 1కి, 0.5కి మధ్య 17.5 ఉండాలి, మీకు 9 ఉంది. నీళ్ళలోని ఫ్లోరైడ్ వల్లే ఇంత తగ్గాలంటే ఆ నీళ్ళలో 0.7 మి.గ్రా. దాకా ఉండాలి. అంత ఉంటే అది 1లోనూ, 10లోనూ కలిసి, వాటి మధ్య తేడా కూడా 47 దగ్గరికి పడిపోయేది. అది 58 నిలిచింది కాబట్టి నీళ్ళు మంచివే, ఆ ఒక్క 0.5 బీకరే తప్పు. మీ రీడింగ్ ప్రకారం అందులో 0.7 ఉంది.

మీరు రాసిన వరస 10, 1, 0.5 అని ఉంది. ఆ వరసలోనే ముంచారా? పైనుంచి కిందికి వస్తే ఎలక్ట్రోడ్‌కి అంటుకున్నది కింది బీకరులోకి వస్తుంది, తక్కువ గాఢతలో అసలే నెమ్మదిగా తేరుకుంటుంది. 0.5 కొత్తగా చేయండి. ఎలక్ట్రోడ్ కడిగి, టిష్యూతో అద్ది (తుడవద్దు), ముందు 0.5, తర్వాత 1, తర్వాత 10. 0.5 దగ్గర ఐదు నిమిషాలు ఆగండి. 116 అటూఇటూ రాకపోతే పిపెట్ అనుమానించండి.

గుత్తి కోట

అవును మేడమ్, 10 నుంచే మొదలుపెట్టినా. మీరు చెప్పిన వరసలో మళ్ళీ చూస్తే 0.5కి 116, 1కి 99, 10కి 41. రేపు పామిడి బోర్లకి పోతున్నా, సీసాలు పాలిథీన్‌వే.